స్క్వాట్ పెరిగింది, స్పీడ్ మాత్రం అక్కడే: ఒక కాలేజ్ ఫుట్‌బాల్ సేఫ్టీ ఆఫ్-సీజన్ కేసు

ముందే ఒక మాట, ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. నేను అమెరికాలో ఒక యూనివర్సిటీలో స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ స్టాఫ్‌లో పనిచేస్తా. డివిజన్ వన్నే గానీ శనివారం టీవీలో కనపడే పెద్ద టీముల్లో ఒకటి కాదు, దాని కింద ఉండే ఎఫ్‌సీఎస్ లెవెల్. మనవైపు అథ్లెటిక్స్, కబడ్డీ, ఫాస్ట్ బౌలింగ్ కోచింగ్ చేసే ఫ్రెండ్స్ తరచూ అడిగేది ఒకటే: "పిల్లలు బరువులు బాగానే ఎత్తుతున్నారు, పరుగు ఎందుకు పెరగట్లేదు?" దానికి ఒక్క లైన్లో జవాబు చెప్పడం కంటే ఒక కేసు మొత్తం చెప్తే మేలు అనిపించి రాస్తున్నా. కుర్రాడు ఎవరో తెలియకూడదు కాబట్టి ఊరు, సంవత్సరం, జెర్సీ నంబర్ ఏమీ చెప్పను, కొన్ని వివరాలు కావాలనే మార్చాను.

కుర్రాడు, ఆట, క్యాలెండర్

ఆడేది సేఫ్టీ పొజిషన్. డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడేవాడు, వాడిని దాటి బాల్ వెళ్లిందంటే వెనక ఇంకెవరూ ఉండరు, నేరుగా టచ్‌డౌనే. కాబట్టి వీడికి మొదటి పది గజాల వేగం ఒక్కటే చాలదు, ముప్పై నలభై గజాలు రిసీవర్‌తో, అంటే దూరం నుంచి విసిరిన బంతి అందుకోడానికి పరిగెత్తే ఎదుటి ఆటగాడితో, సమానంగా పరిగెత్తగలగాలి.

హైస్కూల్లో ఫుట్‌బాల్ సీజన్ అవగానే ట్రాక్ టీమ్‌లో 100 మీటర్లు, రిలే పరిగెత్తేవాడు. కాలేజీకొచ్చాక ట్రాక్ మానేశాడు, ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ కదా. వచ్చినప్పుడు 182 పౌండ్లు అంటే 82 కిలోల చిల్లర, బ్యాక్ స్క్వాట్ 335 పౌండ్లు. రెండో సీజన్ అయ్యేసరికి బరువు 198 పౌండ్లు, స్క్వాట్ 455, అంటే దాదాపు 206 కిలోలు, ఒంటి బరువుకి రెండు పాయింట్ మూడు రెట్లు. వెయిట్ రూమ్ గోడ మీద బోర్డులో వాడి పేరు పైన ఉండేది. అదే సమయంలో 40 గజాల పరుగు, ఎలక్ట్రానిక్ గేట్లతో (దాటగానే టైమ్ పట్టే సెన్సర్లు) తీసింది, 4.70 నుంచి 4.74కి వెళ్లింది. రిక్రూటింగ్ అప్పుడు వీడి ప్రొఫైల్‌లో 4.5 అని ఉంది, అది చేతి స్టాప్‌వాచ్ టైమ్, చేత్తో తీస్తే పాయింట్ రెండు సెకన్ల దాకా తక్కువ చూపించడం మామూలే, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

మా ఫీల్డ్‌లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1969లో నెబ్రాస్కా యూనివర్సిటీలో బాయిడ్ ఎప్లీ అనే కుర్రాడిని స్ట్రెంగ్త్ కోచ్‌గా పెట్టుకున్నారు, కాలేజీ ఫుట్‌బాల్‌లో జీతమిచ్చి పెట్టుకున్న మొదటివాళ్లలో ఆయన. అప్పట్లో బరువులెత్తితే ఆటగాళ్లు స్లో అయిపోతారని భయం. హెడ్ కోచ్ బాబ్ డెవానీ "ఎవడైనా స్లో అయ్యాడో, నీ ఉద్యోగం ఊడుతుంది" అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎప్లీ ఉద్యోగం ఊడలేదు, తర్వాత 1978లో ఎన్‌ఎస్‌సీఏ అనే స్ట్రెంగ్త్ కోచ్‌ల సంస్థ పెట్టింది కూడా ఆయనే, వాళ్లిచ్చే సర్టిఫికెట్‌తోనే నాలాంటివాళ్లు ఉద్యోగాలు చేస్తున్నారు. నా గోల ఏంటంటే, ఆ భయం పోవడం మంచిదే, కానీ స్పీడ్ నిజంగా ఏమైంది అనే ప్రశ్న కూడా దాంతోపాటే పోయింది. ఇప్పుడు స్క్వాట్ పెరిగితే స్పీడ్ కూడా పెరిగే ఉంటుందిలే అనుకుంటున్నారు, గేట్లు పెట్టి చూసేవాళ్లు తక్కువ.

క్యాలెండర్ తెలియకపోతే మిగతాది అర్థం కాదు కాబట్టి అదీ చెప్తా. సీజన్ నవంబర్‌తో అయిపోతుంది. జనవరి, ఫిబ్రవరి వింటర్ వర్కౌట్లు, తర్వాత స్ప్రింగ్‌లో 15 ప్రాక్టీసులు, జూన్ జులై సమ్మర్ ట్రైనింగ్, ఆగస్టులో క్యాంప్. ఆఫ్-సీజన్‌లో వారానికి 8 గంటలకు మించి చేయించకూడదని ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) రూల్. లిఫ్టింగ్, రన్నింగ్, మీటింగులు అన్నీ అందులోనే. ఏదైనా కొత్తగా కలపాలంటే ఏదో ఒకటి తీసేయాల్సిందే.

వచ్చిన సమస్య

అక్టోబర్‌లో ఎడమ హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, పట్టేసింది, గ్రేడ్ వన్ అంటే తేలికపాటిదే, మూడు వారాలు బయట. అంతకు ముందు స్ప్రింగ్‌లో కూడా అదే కాలు బిగుసుకుంది. డిసెంబర్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దరి మాటలు వేరు. పొజిషన్ కోచ్ (సేఫ్టీలకి ఆట నేర్పేవాడు): "లోతు బంతులకి వీడు అందట్లేదు, కండిషనింగ్ చాలట్లేదు." కుర్రాడు: "కోచ్, మొదటి పది పదిహేను గజాలు బానే ఉంటుంది, తర్వాత కాళ్లు తెరుచుకోవు, ఇంకా గట్టిగా పోతే మళ్లీ పట్టేస్తుందేమో అని భయం."

నాకు కుర్రాడి మాటే ఎక్కువ పనికొచ్చింది, ఎందుకంటే అది కొలవచ్చు. 40 గజాల్ని నాలుగు ముక్కలు చేసి గేట్లు పెట్టాం. మొదటి పది 1.62, తర్వాత 1.07, తర్వాత 1.02, చివరి పది 1.03. అంటే ముప్పై గజాల దగ్గరికే వాడి వేగం అంతా అయిపోయి చివర్లో కాస్త తగ్గుతోంది. స్టార్ట్ పర్లేదు, టాప్ స్పీడే తక్కువ. వర్టికల్ జంప్, బ్రాడ్ జంప్ రెండూ బావున్నాయి, అంటే బలం, పేలుడు శక్తి లోటు లేదు. ఇంకో 20 పౌండ్లు స్క్వాట్ పెంచితే చివరి పది గజాలు మారతాయా అంటే నాకు నమ్మకం కలగలేదు.

రెండో ఆధారం జీపీఎస్ వెస్ట్ డేటా, ఆటగాళ్లు వేసుకునే, వేగం రికార్డ్ చేసే బనియన్ అది. కిందటి సమ్మర్ మొత్తం తిరగేశాం. మా దగ్గర పాత ఆచారం 110లు, అంటే 110 గజాలు పదిహేను సెకన్ల చిల్లరలో పరిగెత్తి, కాస్త ఆగి మళ్లీ, అలా పదహారు దాకా. వాటిల్లో వీడి అత్యధిక వేగం గంటకి 26 కిలోమీటర్లు. వీడి టాప్ స్పీడ్ 32. అంటే వేసవంతా చెమటలు కక్కుతూ పరిగెత్తాడు గానీ సొంత వేగంలో 80 శాతం దాటింది దాదాపు లేనే లేదు. తర్వాత సెప్టెంబర్‌లో మ్యాచ్, నాలుగో క్వార్టర్‌లో ఒక్కసారిగా 32కి వెళ్లమంటే ఆ కండరం ఏం చేస్తుంది? హ్యామ్‌స్ట్రింగ్ మీద లోడు వేగంతో పాటు సమానంగా పెరగదు, 80 నుంచి 100కి వెళ్లే ఆ చివరి ముక్కలో విపరీతంగా పెరుగుతుంది. ఆ ముక్కే వీడికి అలవాటు తప్పింది.

కోచ్ చెప్పిన "కండిషనింగ్ లోపం" కూడా నేను కొట్టిపారేయలేదు. కానీ ఒక ప్లే, అంటే బాల్ కదిలి మళ్లీ ఆగేదాకా, సగటున అయిదారు సెకన్లు, తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే ప్లే క్లాక్ 40 సెకన్లు. అలసటే కారణమైతే మొదటి క్వార్టర్‌లో బాగుండి చివర్లో పడిపోవాలి. వీడియో చూస్తే మొదటి డ్రైవ్‌లో, అంటే ఎదుటి టీమ్ మొదటిసారి బాల్ పట్టుకుని ముందుకొచ్చినప్పుడు, కూడా రిసీవర్ అంతే సులువుగా దాటేస్తున్నాడు.

చేసి చూసినవి

జనవరిలో బ్రేక్ నుంచి తిరిగొచ్చిన మొదటి వారాలు అందరికీ తక్కువ డోసే. కొత్తవాళ్లకి ఇది పిరికితనంలా కనిపిస్తుంది కానీ 2011 జనవరిలో అయోవా యూనివర్సిటీలో సెలవుల తర్వాత వంద స్క్వాట్ల వర్కౌట్ చేయించాక 13 మంది ఆటగాళ్లు రాబ్డో వచ్చి హాస్పిటల్లో చేరారు. కండరం విరిగి ఆ సరుకంతా కిడ్నీల మీద పడే జబ్బు అది. 2019లో వచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం మొదటి వారం కండిషనింగ్ వాల్యూమ్ 50 శాతం తగ్గించి, రెండో వారం 30 శాతం తగ్గించి మొదలుపెడతాం. దీని మీద నాతో ఎవరు వాదించినా నేను వినను.

ఆ తర్వాత మొదట పెట్టింది నార్డిక్స్. మోకాళ్ల మీద కూర్చుని, మడమలు ఎవరైనా పట్టుకుంటే, ఒళ్లంతా నిటారుగా ఉంచి మెల్లగా ముందుకి వాలడం. హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు తగ్గిస్తుందని సాకర్‌లో మంచి ట్రయల్స్ ఉన్నాయి, కాబట్టి ఆలోచన తప్పు కాదు. పెట్టిన రోజులు కుదరలేదు. ట్రైనింగ్ రూమ్ షెడ్యూల్‌లో వీడికి బుధవారం సాయంత్రం, శుక్రవారం దొరికింది, స్ప్రింట్లు గురువారం. నార్డిక్స్ తర్వాత నొప్పి రెండు రోజులు ఉంటుంది, అంటే సరిగ్గా నొప్పితో ఉన్న కాలితో స్ప్రింట్ చేయిస్తున్నాం అన్నమాట. మూడో వారంలో ఎడమ కాలు మళ్లీ బిగుసుకుంది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మామూలుగా అయితే "రెస్ట్ ఇచ్చేద్దాం, పూర్తిగా తగ్గాక చూద్దాం" అంటారు. అథ్లెటిక్ ట్రైనర్ (టీమ్‌లో గాయాలు చూసే ఆవిడ) చేత్తో నొక్కి చూసింది, ఒక చోట అని గుచ్చే నొప్పి లేదు, రెండు కాళ్ల బలం సమానంగా ఉంది, సాగదీస్తే తేడా లేదు. కొత్తగా చిరిగింది కాదని ఆమె అభిప్రాయం. అప్పుడు నేను అడిగింది, రెస్ట్ ఇస్తే ఏమవుతుంది? రెండు వారాలు ఆగుతాడు, బాగుందనిపిస్తుంది, నేరుగా ఫుల్ స్పీడ్‌కి వెళ్తాడు, పట్టేస్తుంది. గత రెండేళ్లుగా జరిగింది అదే కదా. కాబట్టి పరుగు ఆపలేదు, వారం పాటు 80 శాతం దగ్గర ఉంచి, ప్రతి సెషన్‌కి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాం. ట్రైనర్ ప్రతిసారీ పక్కనే ఉంది, ఆమె ఆపమంటే ఆపాలి అని ముందే ఒప్పందం. గుచ్చే నొప్పి ఉంటే మాత్రం ఈ పని చేయకండి, అది వేరే కేసు.

తర్వాత బరువైన స్లెడ్. నడుముకి పట్టీ కట్టి, వేగం సగానికి పడిపోయేంత బరువు లాగించడం. నాలుగు వారాల తర్వాత మొదటి పది గజాలు 1.62 నుంచి 1.60కి వచ్చాయి. చివరి పది? అదే 1.03. నిజానికి ఇది నాకు బాగా ఉపయోగపడిన ఫెయిల్యూర్. స్లెడ్ దాని పని అది చేసింది, స్టార్ట్ బాగుపడింది, కానీ వీడి రోగం స్టార్ట్‌లో లేదు. ముక్కలు చేసి కొలవకుండా 40 మొత్తం టైమ్ ఒక్కటే చూసుంటే "ఇంప్రూవ్ అయ్యాడు" అని అదే పని సమ్మర్ అంతా చేయించేవాళ్లం.

కుదిరింది

అసలు మార్పు చాలా బోరింగ్ మార్పు. స్పీడ్ పనిని సెషన్ చివర నుంచి మొదటికి తెచ్చాం, మొదట చేసింది అంతే. టీమ్ షెడ్యూల్‌లో పొద్దున ఆరింటికి స్క్వాట్లు, తర్వాత "స్పీడ్ డ్రిల్స్", వాటి మధ్య ముప్పై సెకన్ల రెస్ట్. దాని పేరు స్పీడ్ గానీ అలసిపోయిన కాళ్లతో చేసేది ఏదైనా కండిషనింగే. పైగా ఈ కుర్రాడు రాత్రి ఒంటి గంటకి పడుకుని అయిదున్నరకి లేస్తున్నాడు. చదువు వ్యవహారాలు చూసే అడ్వైజర్‌తో మాట్లాడి ఒక ల్యాబ్ క్లాసు మార్పించి, మధ్యాహ్నం రెండు గంటల గ్రూపులోకి వేశాం. దీనికి ఖర్చు ఏమీ లేదు, కానీ దీనికోసం పంపిన ఈమెయిళ్లు ప్రోగ్రామ్ రాయడం కంటే ఎక్కువ.

సోమవారం ఫ్లయింగ్ టెన్స్: ఇరవై అయిదు గజాలు మెల్లగా వేగం పెంచుకుంటూ వచ్చి, పది గజాల గేట్ల మధ్య ఫుల్. నాలుగు సార్లు, ఎక్కువంటే అయిదు. మధ్యలో మూడు నాలుగు నిమిషాల రెస్ట్. పది గజాలకి దాదాపు ఒక నిమిషం రెస్ట్ అనేది స్ప్రింట్ కోచ్‌ల పాత లెక్క. గురువారం స్టార్ట్‌లు, తేలికైన స్లెడ్‌తో. ఆ రోజు వచ్చిన బెస్ట్ కంటే మూడు శాతం స్లో అయితే, అంటే వీడి విషయంలో 0.03 సెకన్లు, ఇంక ఆ రోజుకి చాలు. మొదట్లో వాడికి ఇది అస్సలు నచ్చలేదు. "కోచ్, నాకింకా చెమట కూడా పట్టలేదు, మిగతావాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు" అన్నాడు. వంటలో ఉప్పు లాంటిది ఈ పని, తగ్గితే వేసుకోవచ్చు, ఎక్కువైతే ఆ రోజు వంట పోయినట్టే అని చెప్పా. వాడికి అర్థమైందో లేదో గానీ ఒప్పుకున్నాడు.

స్ప్రింట్ అవగానే లిఫ్టింగ్ కూడా అదే రోజు. నార్డిక్స్ కూడా సోమవారం చివర్లోనే, గురువారానికి మధ్య రెండు పూర్తి రోజులు ఉంటాయి. కష్టమైనవన్నీ ఒకే రోజు, తేలికైనవన్నీ ఇంకో రోజు అనే ఈ పద్ధతి కెనడా స్ప్రింట్ కోచ్ చార్లీ ఫ్రాన్సిస్ పేరుతో ప్రచారంలో ఉంది. డోపింగ్ కుంభకోణంతో ఆయన పేరు పాడైంది, అది వేరే సంగతి, రోజుల అమరిక మాత్రం గట్టిది. స్క్వాట్ వారానికి ఒక్కసారి, ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 85 శాతం దగ్గర మూడు సెట్లు రెండేసి రెప్స్, బలం నిలబెట్టుకోవడానికి. గురువారం ట్రాప్ బార్ (మధ్యలో నిలబడి పట్టుకునే బార్) జంపులు, బార్ స్పీడ్ కొలిచే సెన్సర్ పెట్టి, స్పీడ్ పది శాతం పడిపోతే సెట్ ఆపేయడం. గోడ మీద బోర్డులో వాడి పేరు రెండు స్థానాలు కిందికి దిగింది, వాడి కంటే కోచ్‌లే ఎక్కువ బాధపడ్డారు.

ఫోన్‌లో స్లో మోషన్ తీస్తే ఇంకోటి బయటపడింది. టాప్ స్పీడ్‌లో పాదం నడుము కంటే బాగా ముందు పడుతోంది, అంటే ప్రతి అడుగూ చిన్న బ్రేక్, పైగా అలా సాగిన కాలు మీదే హ్యామ్‌స్ట్రింగ్‌కి ఎక్కువ దెబ్బ. వాడికి మాటలతో చెప్పి మార్చాలని చూడలేదు, మాటలతో పరుగు మారిన ఆటగాడిని నేను పెద్దగా చూడలేదు. చిన్న ప్లాస్టిక్ హర్డిల్స్, వికెట్స్ అంటారు, వరసగా పెట్టి వాటి మీదుగా పరిగెత్తించాం. దూరం సరిగ్గా పెడితే పాదం దానంతటదే నడుము కింద పడుతుంది. వార్మప్‌లోనే నాలుగు సార్లు, అంతకు మించి లేదు.

ఇక 110లు. పొజిషన్ కోచ్‌తో నిజమైన గొడవ ఇక్కడే. "అలసటలో పరిగెత్తితేనే మనిషి గట్టిపడతాడు" అనేది ఆయన నమ్మకం, ఆయన కూడా అలాగే పెరిగాడు. నేను సైన్స్ పేపర్లు తీసుకెళ్లలేదు, జీపీఎస్ షీట్ తీసుకెళ్లి 26, 32 అనే రెండు అంకెలు చూపించా. "మీరు వీడిని మ్యాచ్‌లో ఏ స్పీడ్‌లో చూడాలనుకుంటున్నారు, దానికి మనం ఎప్పుడు ప్రాక్టీస్ చేయించాం?" అని అడిగా. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. కుదిరిన ఒప్పందం: మంగళ, శుక్రవారాలు గ్రాస్ మీద వంద గజాల టెంపో పరుగులు, 70 శాతం వేగంతో, నడుచుకుంటూ రెస్ట్. ఆగస్టులో టీమ్ కండిషనింగ్ టెస్ట్ మాత్రం అందరితో పాటు వీడూ పాస్ కావాల్సిందే. ఫెయిలైతే నా ప్లాన్ రద్దు.

స్ప్రింగ్ ప్రాక్టీసులు మొదలయ్యాక గురువారం సెషన్ తీసేశాం, ప్రాక్టీసులో వాడే బోలెడు స్టార్ట్‌లు చేస్తున్నాడు. కానీ ప్రాక్టీసులో టాప్ స్పీడ్ వస్తుందని మాత్రం నమ్మకండి. ప్రతి వారం డేటా చూసి, 90 శాతం దాటిన పరుగు ఒక్కటి కూడా లేకపోతే ప్రాక్టీస్‌కి ముందు రెండు ఫ్లయింగ్ టెన్స్ పెట్టేవాళ్లం. బరువు విషయంలో కోచ్‌లు 205 పౌండ్లు కావాలన్నారు, మేము 196 దగ్గర ఉంచాం. దాని మీద కూడా కాస్త గొణిగారు.

సమ్మర్‌లో టైమింగ్ మధ్యాహ్నం నుంచి మళ్లీ పొద్దునకి మార్చాల్సి వచ్చింది, ఎండ వల్ల. 2018లో మేరీల్యాండ్ యూనివర్సిటీ ఆటగాడు జోర్డన్ మెక్‌నైర్ సమ్మర్ వర్కౌట్‌లో వడదెబ్బ తగిలి చనిపోయాక ఐస్ టబ్ లేకుండా మేం బయట సెషన్ మొదలుపెట్టం. పొద్దున సెషన్ కాబట్టి వార్మప్ పది నిమిషాలు పెంచాం, అంతే తేడా.

ఎక్కడికి వచ్చింది

జులై చివర్లో మళ్లీ గేట్లు. 1.60, 1.04, 0.99, 0.98. మొత్తం 4.61. చివరి పది గజాలు ఇప్పుడు అన్నిటికంటే వేగంగా ఉన్నాయి, నాకు మొత్తం టైమ్ కంటే అదే సంతోషం. టాప్ స్పీడ్ గంటకి 32 నుంచి 33న్నర దాటింది. స్క్వాట్ 450 దగ్గర, అంటే దాదాపు ఉన్నచోటే. ఆగస్టు టెస్ట్ పాసయ్యాడు, గ్రూపులో మధ్యలో వచ్చాడు. ఆ సీజన్‌లో చీలమండ బెణికి ఒక మ్యాచ్ పోయింది, హ్యామ్‌స్ట్రింగ్ మాత్రం ఇబ్బంది పెట్టలేదు.

ఇందులో ఏది ఎంత పనిచేసిందని అడిగితే, ఒక్క కుర్రాడితో విడదీసి చెప్పలేం. నిద్ర, టైమింగ్, వికెట్స్, ఫ్లయింగ్ టెన్స్, రెండు పౌండ్లు తగ్గడం అన్నీ ఇంచుమించు ఒకేసారి జరిగాయి. కానీ వరస చూస్తే ఒకటి అనుకోవచ్చు. స్లెడ్ నెలలో చివరి ముక్క కదల్లేదు, ఫ్రెష్ కాళ్లతో ఫుల్ స్పీడ్ మొదలైన అయిదారు వారాల్లో కదిలింది. అందుకే ఒకవేళ నాకు వారానికి ఒక్క అరగంటే ఇస్తే నేను మొదట అడిగేది ఆ సోమవారం సెషనే. జిమ్ లేనిచోట కూడా అయ్యే పని ఇది, ఒక మంచి గ్రౌండు, టేపు, ఫోన్ ఉంటే చాలు. ఫోన్ వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టి పది గజాల టైమ్ తీయొచ్చు, గేట్లంత కచ్చితం కాకపోయినా చేతి స్టాప్‌వాచ్ కంటే చాలా నయం.

ఇది చదివి టీమ్‌లో అందరికీ ఫ్లయింగ్ టెన్స్ పెట్టేయకండి. మా దగ్గర ముందు వరసలో గుద్దుకునే 300 పౌండ్ల లైన్‌మెన్ ఉన్నారు, వాళ్లు ఒక ప్లేలో అయిదు గజాలు కదలడమే ఎక్కువ, వాళ్లకి మొదటి పది గజాలు, స్లెడ్, బలం, ఇవే కావాలి, 110లు అయితే వాళ్లకి అసలు అర్థమే లేని శిక్ష. కొత్తగా వచ్చే ఫ్రెష్‌మెన్‌లో (మొదటి ఏడాది కుర్రాళ్లలో) ఒంటి బరువుకి ఒకటిన్నర రెట్లు కూడా స్క్వాట్ చేయలేనివాళ్లు ఉంటారు, వాళ్లకి బరువులు పెంచితేనే స్పీడ్ కూడా పెరుగుతుంది, అక్కడ బోర్డు చెప్పేది నిజమే. తర్వాతి జనవరిలో డిఫెన్సివ్ బ్యాక్స్, అంటే సేఫ్టీలతో పాటు డిఫెన్స్‌లో వెనక ఆడేవాళ్లు, అందరికీ నాలుగు ముక్కల టెస్ట్ పెడితే ఈ కుర్రాడిలా చివర్లో పడిపోయేవాళ్లు ఇంకో ముగ్గురు దొరికారు, వాళ్లని సోమవారం గ్రూపులో వేశాం. పొజిషన్ కోచ్ మాత్రం సమ్మర్‌లో వారానికి ఒక రోజు 110లు కావాలని ఇంకా అంటున్నాడు, ప్రస్తుతానికి పదహారు బదులు ఎనిమిది పరుగులకి ఒప్పించాను.